మా బందరు యాత్రాపట్టిక

యాత్రలను గూర్చి వ్రాయువారు పలువురు గలరు. యాత్రకు ముందు ఇంటిలో కూర్చుండి చేసికొను ఏర్పాటును గూర్చి వ్రాయువారు అరుదు. చూచినదానిని వర్ణించుట సులభము. చూడదగినదానిని ఏరుకొనుట కష్టము. ఈ సంగతి మాకు క్రిందటి సంక్రాంతి సెలవులలో బోధపడినది. తోడి విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును కొంత యుపయోగపడునేమో యను నాశతో ఆ యనుభవమును ఇచట వ్రాయ సాహసించుచున్నాము.

మేమనగా ఇద్దరము: పదవ తరగతి చదువుచున్న అక్క, ఎనిమిదవ తరగతి చదువుచున్న తమ్ముడు. మా యిల్లు విజయవాడలో బందరు రోడ్డునకు సమీపమున నున్నది. ఆ రోడ్డునకు మహాత్మాగాంధీ రోడ్డని పేరు పెట్టి చాలకాలమైనను ఊరివారందరును బందరు రోడ్డనియే పిలుతురు. మేము ప్రతిదినమును ఆ దారిని కొంతదూరము నడిచి బడికి పోవుచుంటిమి గాని, ఆ దారి చేరు ఊరును మాత్రము ఎన్నడును చూచి యెరుగము. సుమారు 70 కిలోమీటర్ల దూరము. రెండు గంటల ప్రయాణము. దగ్గర నున్నదానిని రేపు చూతమనుకొనుట లోకసహజము గదా!

డిసెంబరు నెలలో ఒకనాటి రాత్రి భోజనముల వేళ మా అమ్మమ్మ, "బందరు ఒకసారి చూచి రావలెనని యున్నది" అనెను. అంతకు మించి యేమియు ననలేదు. ఆమె పెడనలో పుట్టి పెరిగి, వివాహానంతరము విజయవాడకు వచ్చినది. తనకు ఫలానిది కావలెనని ఆమె యడుగగా మేము విని యెరుగము. మా నాన్నగారు వెంటనే యొప్పుకొని, "ఒక దినమునకు కారు కుదిర్చెదను. తక్కిన యేర్పాటంతయు మీరిద్దరే చేయుడు. ఊరు చూపుటకు తెలిసినవారిని ఒకరిని కూడ చూతము" అనిరి. మా సంతోషమునకు మేర లేకపోయెను.

మరునాటి యుదయముననే మేము కాగితమును, కలమును తీసికొని కూర్చుంటిమి. పుస్తకములలో చదివినవి, ఉపాధ్యాయులు చెప్పినవి జ్ఞప్తికి తెచ్చుకొని పట్టిక వ్రాయ మొదలిడితిమి. బందరన్నది పారసీక పదము, రేవని యర్థము. ఊరి పూర్తి పేరు మచిలీపట్టణము. గోలకొండ ప్రభువుల కాలమున వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవిదియే. ఇచటి అద్దకపు బట్టలు ఓడలనెక్కి పారసీక దేశమునకును, ఐరోపాకును పోయెడివి. ఆ బట్టలకొరకే డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచట వర్తకశాలలను స్థాపించుకొనిరి. ఇంత చరిత్రను ఒక్కదినములో చూపవలెనన్న పట్టిక చిన్నదగునా? పండ్రెండంశములు చేరినవి.

మొదటిది మంగినపూడి సముద్రతీరమున సూర్యోదయము. రెండవది బందరుకోట, 1759లో కర్నల్ ఫోర్డు దానిని ఫ్రెంచివారి యొద్దనుండి పట్టుకొనెను. మూడవది డచ్చివారి సమాధులు. నాలుగవది నోబిల్ దొరగారు 1843లో స్థాపించిన పాఠశాల. ఐదవది 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల. 1921లో విజయవాడలో గాంధీగారికి పతాకము నందించిన పింగళి వెంకయ్యగారు ఉపాధ్యాయులుగా నుండిన చోటు. ఆరవది చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు పాఠములు చెప్పగా విశ్వనాథ సత్యనారాయణగారు విన్న హిందూ హైస్కూలు. ఏడవది 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన తావు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో లీనమైనది. ఎనిమిదవది రాబర్ట్‌సన్‌పేట, 19వ శతాబ్ది ప్రథమార్ధమున రాబర్ట్‌సనను దొర అమరావతీ స్తూపపు శిలలను తెప్పించి, అక్కడి అంగడివీథిలో నిలిపెనట! తొమ్మిదవది చిలకలపూడి పాండురంగని ఆలయము. పదవది అచటి రోల్డుగోల్డు నగల పనివారు. పదునొకండవది పెడనలోని కలంకారీ అద్దకము. పండ్రెండవది బందరు లడ్డు. ఈ కడపటి దానిని తమ్ముడు మొదటనే వ్రాయబోగా అక్క వారించి తుదకు చేర్చెను.

కోటను గూర్చిన యంశము ప్రక్కన అక్క తన పరీక్షా పరిజ్ఞానమునంతయు చూపి యిట్లు వ్రాసెను: "1864 నవంబరు 1వ తేది రాత్రి తుపాను. ఉప్పెన 13 అడుగులు. మరణములు సుమారు 30,000." దాని క్రింద రెండు గీతలు కూడ గీచెను. ఈ గీతల సంగతి తరువాత చెప్పెదము.

పిమ్మట కాలమును లెక్కించితిమి. పండ్రెండు చోట్లకు చోటొకటికి అరగంట చొప్పున ఆరు గంటలు, రాకపోకలకు నాలుగు గంటలు, ఊరిలో తిరుగుటకు గంటన్నర, భోజనమునకు అరగంట. వెరసి పండ్రెండు గంటలు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరినచో సాయంత్రము నాలుగింటికే యింటికి చేరవచ్చును! కాగితముమీద ఎండ లేదు, అలసట లేదు, మోకాళ్ల నొప్పి లేదు. మా లెక్కలో తప్పు పట్టువాడెవ్వడని గర్వించితిమి.

దినమును నిర్ణయించుటలో మాత్రము మా అమ్మగారి సలహాను పాటించితిమి. మే నెలలో కృష్ణాతీరపు ఎండకు పెద్దలను బయట త్రిప్పరాదు. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. జనవరి మంచిది; పండుగ మూడు దినములలో పనివారు దొరకరు గనుక పండుగ దాటిన తరువాత పనిదినము చూచుకొనవలెను. ఈ సలహా అక్షరాలా ఫలించినది.

ఊరు చూపువారి విషయమున మా నాన్నగారి మిత్రులొకరు సాయపడిరి. బందరులో ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పెద్దలొకరు, కోరినవారిని వెంటబెట్టుకొని ఊరిని చూపుదురట. ఫోనులో మాటలాడితిమి. ఆయన తన రుసుమును ముందుగనే చెప్పి, వాహనపు ఖర్చును భోజనపు ఖర్చును అందులో చేరవని స్పష్టపరచి, "మీ పట్టికను పంపుడు. చదివి సాయంత్రము పిలిచెదను" అనిరి. పంపితిమి. ప్రశంసకై యెదురుచూచుచు ఫోను ప్రక్కనే కూర్చుంటిమి.

సాయంత్రము ఆయన పిలిచి, "పట్టిక చదివితిని. మంచి విద్యార్థులు వ్రాసినది. మూడు ప్రశ్నలు అడిగెదను. ఎవరెవరు వచ్చుచున్నారు?" అనిరి.

"మా అమ్మమ్మ, మేమిద్దరము, మా నాన్నగారు" అంటిమి.

"మీ అమ్మమ్మగారు ఒక్క దమ్మున ఎంత దూరము నడువగలరు?"

మాకు తెలియదు. ప్రతిదినమును ఆమెను చూచుచునే యుంటిమి గాని ఈ ప్రశ్న యెన్నడును మాకు తోచలేదు.

"పోనిండు. ఈ పండ్రెండింటిలో ఆమె కోరినది ఏది?"

మేము ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి. ఆమె బందరు చూడవలెనన్నది. మేము బందరును పండ్రెండు ముక్కలుగా కోసి విస్తరిలో వడ్డించితిమి. ఏ ముక్క ఆమెకు ఇష్టమో అడుగనేలేదు. మాష్టారుగారు మమ్ములను గద్దింపలేదు. "అడిగి చెప్పుడు. తొందర లేదు" అని మాత్రమనిరి.

ఆ రాత్రి అమ్మమ్మ యొద్దకు పట్టికను తీసికొనిపోయి అక్క చదివి వినిపించెను. సముద్రమున సూర్యోదయమన్న మొదటి మాటకే అమ్మమ్మ చేతిలోని పని ఆగినది. కోటయొద్దకు వచ్చి, తుపాను, ఉప్పెన, ముప్పదివేలని అక్క బిగ్గరగా చదువునప్పుడు ఆమె మొగము చూచి మా నాన్నగారు "చాలునమ్మా" అనిరి. అక్క ఆగెను. కొంతసేపటికి అమ్మమ్మ తానే చెప్పినది.

ఆమె తండ్రి పెడనలో అద్దకపు పనివాడు. ఆమెకొక తమ్ముడుండెడివాడు. 1977 నవంబరులో వాడు బందరుకు అవతల సముద్రపుటొడ్డున నున్న పల్లెలో పినతల్లి యింటికి పోయియుండెను. అప్పటికి వానికి తొమ్మిదేండ్లు, ఆమెకు పదునాలుగు. ఆ నెల 19వ తేదిని తుపాను వచ్చి దివిసీమను, చుట్టుప్రక్కల తీరమును ముంచెను. సుమారు పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. అంతకు మించి యుందురని పలువురు చెప్పుదురు. ఆ పినతల్లియు తిరిగి రాలేదు. వాడును తిరిగి రాలేదు. ఆమె తండ్రి పదిదినములు వెదకి వట్టిచేతులతో ఇంటికి వచ్చెను. ఆ తరువాత ఆ యింటిలో నెవ్వరును సముద్రము పేరు తలపలేదు. ఆమెయు దానిని మరల చూడలేదు.

"మరి యిప్పుడు చూడవలెనా, వద్దా, అమ్మమ్మా?" అని తమ్ముడడిగెను.

"చూడవలెనని లేదు. చూడకుండ పోవలెనని కూడ లేదు" అనెను అమ్మమ్మ. "మొదటనే వద్దు. పెడన చూచి, ఊరు చూచి, కడపట చూతము. అప్పటికి నాకు రావలెననిపించినచో వచ్చెదను."

మేము పాత పట్టికను చింపలేదు. మడిచి పుస్తకములో పెట్టితిమి. క్రొత్త కాగితముమీద నాలుగే యంశములు వ్రాసితిమి: ఒకటి, పెడన, రెండు, జాతీయ కళాశాల, మూడు, డచ్చివారి సమాధులు, నాలుగు, సముద్రము. నాలుగవదాని ప్రక్కన "అమ్మమ్మ ఇష్టము" అని వ్రాసితిమి. మాష్టారుగారికి విషయమంతయు తెలుపగా ఆయన కొంచెముసేపు మౌనముగా నుండి, "ఇప్పుడిది పట్టిక" అనిరి. ఒక్కొక్క చోటికి మేమిచ్చిన కాలమును ఇబ్బడి చేసి, మధ్యాహ్నమున ఒక గంటను ఖాళీగా విడిచిపెట్టుమని చెప్పిరి. "ఆ గంటలో ఏమి చూడవలెను?" అని యడిగితిమి. "ఏమియు చూడనక్కరలేదు. కూర్చుండవలెను" అనిరి.

జనవరిలో పండుగ దాటిన వారము ఉదయము ఆరుగంటలకు బయలుదేరితిమి. మంచు దట్టముగా కురియుచుండెను. 1855లో కట్టిన పాత ఆనకట్టనుండియు, దాని తరువాత 1957లో పూర్తియైన ప్రకాశము బరాజునుండియు కృష్ణనీరు పారి ఈ సీమను సస్యశ్యామలము చేసినదని పాఠములలో చదివితిమి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుచుండగా ఆ చదువు మా కన్నులయెదుటికి వచ్చినది. వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరచుకొని యుండెను. చెరకుతోటలు మంచులో నల్లగా నిలిచి యుండెను. పూర్వము విజయవాడనుండి బందరునకు కాలువలో పడవలమీద పోవువారట. తన చిన్నతనమున ముసలివారు చెప్పుకొన్న ఆ పడవల సంగతులను అమ్మమ్మ దారిపొడుగున చెప్పుచుండెను. కారులో నంతగా ఆమె మాటలాడుట మేమెన్నడును వినలేదు.

మాష్టారుగారు పెడనలో మాకెదురైరి. సన్నని మనిషి, చేత గొడుగు, భుజమున గుడ్డసంచి. అమ్మమ్మకు నమస్కరించి, "మీ యూరిని నేను మీకు చూపుట యేమి, అమ్మా! ఇచట మీరే చూపవలెను" అనిరి. ఆ మాటతో ఆమెకు భయము తీరినట్లుండెను.

అద్దకపు శాలలో పొడవైన బల్లలమీద బట్టను పరచి పనివారు అచ్చులు వేయుచుండిరి. బట్టను ముందుగా కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో తడిపి యారవేయుదురు. ఇనుమును బెల్లమును నీటిలో పులియబెట్టిన కసిమితో నల్లని గీతలు పడును. పటికతో అద్దినచోట తరువాత ఎఱుపు పట్టును. అద్దిన బట్టను కాలువలో పారునీట నుదికి, రాగి కాగులలో మరిగించి, ఎండలో ఆరవేయుదురు. టేకుచెక్కపై చెక్కిన అచ్చులు గోడప్రక్కన వందలకొలది పేర్చియుండెను. ఒక్కొక్క రంగునకు వేరువేరు అచ్చు గలదు. ఒక పువ్వునకు మూడచ్చులు పట్టినచో మూడును ఒకేచోట కూడవలెను. వెంట్రుకవాసి తొలగినను పువ్వు చెడును. మచిలీపట్టణపు కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించినదని మాష్టారుగారు చెప్పిరి.

అమ్మమ్మ ఒక యచ్చును చేతిలోనికి తీసికొనెను. పనివాడొకడు చిరునవ్వుతో చిన్నగుడ్డ నొకదానిని ఆమె ముందు పరచెను. ఆమె అచ్చును రంగులో నద్ది, గుడ్డపై నుంచి, పిడికిలితో రెండుమార్లు తట్టి తీసెను. ఆకు ఒకటి చక్కగా పడినది. రెండవ యచ్చుతో దానికి పువ్వు చేర్చెను. గీత తప్పలేదు. ఆ పనివాడు, "ఎవరి బిడ్డవమ్మా?" అని యడిగెను. ఆమె తండ్రి పేరు చెప్పగా లోపలినుండి వృద్ధుడొకడు లేచి వచ్చెను. తరువాత వారి సంభాషణలో మాకు చోటు లేదు. మేము గుమ్మమున కూర్చుండి గడియారమును చూచితిమి. ఇచటికి గంటన్నర యిచ్చితిమి; రెండున్నర గంటలు గడచినవి.

తమ్ముడు దిగులుతో పట్టికను మాష్టారుగారికి చూపెను. ఆయన జేబులోనుండి పెన్సిలు తీసి జాతీయ కళాశాల మీద సన్నని గీత గీచిరి. "పోయినది పోయినట్లు కాదు, మరొకమారు వచ్చుటకు కారణము మిగిలినది" అనిరి. పింగళి వెంకయ్యగారి చోటును చూడవలెనని గంపెడాశతో నున్న అక్కకు ఇది కష్టమే. అయినను లోపల అమ్మమ్మ నవ్వు వినబడుచుండగా ఎట్లు కాదనగలము?

ఊరిలో భోజనము చేసి, నిర్ణయించుకొన్న ఆ ఖాళీ గంటను ఒక చెట్టునీడను గడపితిమి. అమ్మమ్మ కాళ్లు చాపుకొని కూర్చుండెను. చెప్పక తప్పదు, ఆ దినమున మేము చేసిన యేర్పాటులన్నిటిలో నుత్తమమైనది ఈ గంటయే, అది మాష్టారుగారిచ్చినది.

మూడుగంటలకు డచ్చివారి సమాధుల యొద్దకు పోయితిమి. 17వ శతాబ్దినాటి రాళ్లు, పెద్దపెద్ద పలకలు. వాటిమీద వంశచిహ్నములు, పూలతీగెలు, వరుసలుగా అక్షరములు చెక్కియున్నవి. ఇల్లు విడిచి వేలకొలది మైళ్లు సముద్రము దాటి వచ్చి, ఈ తీరపు జ్వరములకు చిక్కి మరణించినవారు పలువురు. మాష్టారుగారు వ్రేలితో అక్షరములను తడుముచు వివరించుచుండిరి. అమ్మమ్మ ఒక రాతియొద్ద నిలిచినది.

"ఇది ఎన్నేండ్లనాటిది, బాబూ?"

"మూడువందల యేండ్లు దాటినవమ్మా."

"ఇంకను చదువవచ్చునా?"

"చదువవచ్చును."

ఆమె వంగి ఆ చదువరాని యక్షరములను అరచేతితో తుడిచెను. "మావాని పేరు ఎక్కడను వ్రాసి లేదు" అనెను.

మేము బదులు పలుకలేకపోతిమి. మాష్టారుగారును ఓదార్పుమాట లేవియు చెప్పలేదు. ముప్పదివేలని వ్రాసి దాని క్రింద గీచిన రెండు గీతలు అక్కకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. ఆ సంఖ్యను మేము ఎన్నిమార్లో వ్రాసితిమి; మార్కులు తెచ్చుకొంటిమి. అందులో తొమ్మిదేండ్లవాడు ఎందరో, అట్టివాని అక్క ఎందరో యని ఒక్కమారైనను తలపలేదు.

తమ్ముడు చిన్నవాడు, అతనికి తోచినది చేసెను. పట్టికను, కలమును అమ్మమ్మ చేతికిచ్చి, "ఇచట వ్రాయుము, అమ్మమ్మా" అనెను. ఆమె అయిదవ తరగతి వరకు చదువుకొనినది. రాతిపలకపై కాగితము నుంచి, నాలుగవ యంశము క్రింద తమ్ముని పేరును, ఇంటిపేరుతో సహా, నిదానముగా వ్రాసెను. "సముద్రము" అను మాట ప్రక్కన మేము వ్రాసిన "అమ్మమ్మ ఇష్టము" అను మాటలను చదువుకొని, "పోదము" అనెను.

మంగినపూడి ఊరికి సుమారు 11 కిలోమీటర్లు. అక్కడి యొడ్డున నల్లని బంకమన్ను; నీరు చాలదూరము వరకు లోతు తక్కువ. 2023లో ఆరంభించిన క్రొత్త రేవు సంగతి మాష్టారుగారు దారిలో చెప్పుచుండిరి గాని, తీరము కనబడగనే ఆపివేసిరి. అమ్మమ్మ కారు దిగి, తడిమన్ను మొదలగుచోట నిలిచెను. మేము ఆమె వెంట పోబోగా మాష్టారుగారు గొడుగు అడ్డముపెట్టి, "ఇచట మనము చూపవలసినది లేదు" అని మెల్లగా ననిరి.

ఆమె పదునైదు నిముషములు నిలిచెను. నీటిలో దిగలేదు, నమస్కరింపలేదు, ఏడ్వలేదు. మొదట కొంగు గట్టిగా పట్టుకొనియుండెను, తరువాత విడిచెను. తిరిగి వచ్చి, "చీకటి పడకముందే బయలుదేరుదము. పిల్లలకు లడ్డు కొనవలెను గదా" అనెను. లడ్డు మా పాత పట్టికలోని పండ్రెండవ యంశము, ఆమె మరువలేదు. ఊరిలో రెండు పెట్టెలు కొంటిమి. మాష్టారుగారికి ముందుగా చెప్పుకొన్న రుసుము నిచ్చి, అమ్మమ్మ ఒక పెట్టెను కూడ ఇచ్చినది. ఆయన కాదనలేదు.

ఇంటికి వచ్చుదారిలో ఆమె తమ్ముని గూర్చి చెప్పుచునే యుండెను. వాడు విరిగిన అచ్చులను దాచుకొనెడివాడట. వానితో కాలువగట్టున బురదమీద పువ్వులు వేసెడివాడట. నాన్న కోపించినచో అక్క వెనుక దాగెడివాడట. పామర్రు చేరునప్పటికి మా తమ్ముడు నిద్రపోయెను. అమ్మమ్మ వాని తలను తన యొడిలో పెట్టుకొని చెప్పుట మానలేదు.

చదువరులారా! మీరును మీ పెద్దలకొరకు ఇట్టి దినము నొకదానిని ఏర్పాటు చేయదలచినచో మేము నేర్చుకొన్నది నాలుగు మాటలలో చెప్పెదము. ముందుగా అడుగుడు; తరువాత వ్రాయుడు. వారి కాళ్ల బలమును, ఎండను, దూరమును లెక్కించి, మీకు తోచిన కాలమునకు రెట్టింపు కాలము నిండు. ఊరెరిగిన వారిని వెంట గొనుడు. రుసుము, వేళ, భోజనము ముందే మాటలాడుకొనుడు. దారిలో వారు చెప్పిన మార్పును పాటింపుడు. ఒక గంటనైనను ఖాళీగా విడువుడు.

మేము పండ్రెండు చోట్లు చూడదలచి మూడు చూచితిమి. జాతీయ కళాశాలను, నోబిల్ పాఠశాలను, కోటను, రాబర్ట్‌సన్‌పేటను మరొక సెలవునకు ఉంచుకొంటిమి. ఆ పట్టికను ఈమారు అమ్మమ్మయే చెప్పుచున్నది, మేము వ్రాయుచున్నాము. మొదటి యాత్ర కాగితము ఆమె పెట్టెలో, పెడనలో తానద్దిన ఆ గుడ్డలో చుట్టియున్నది. దానిమీద నున్న పేరును ఈ పత్రికలో వ్రాయుటకు ఆమె యనుమతి నడిగితిమి. కొంచెము ఆలోచించి, "వద్దు. మీకు తెలిసినది చాలును" అనెను. కావున వ్రాయలేదు.